మెషీన్‌కు రత్నాలమ్మ పాఠం

సేవ్ నొక్కగానే తెర బిగుసుకుపోయింది. జోగారావు మౌస్ అటూ ఇటూ జరిపి చూశాడు. బాణం కదల్లేదు. నిన్న సాయంత్రం కూడా ఇలాగే జరిగింది.

పలాసలోని ఆ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే కొత్త మెషీన్ అతని చేతికింద ఉంది. బెల్టు మీద పోయే ప్రతి పప్పునూ కెమెరా ఫొటో తీస్తుంది. కంప్యూటర్లోని ప్రోగ్రాం ఆ ఫొటో చూసి, మాడిందైతే గాలి కొట్టి పక్క డబ్బాలోకి నెడుతుంది. నేర్చుకున్నది రాసిపెట్టుకోవలసిందీ అదే. అన్ని పనులూ ఆ ఒక్క ప్రోగ్రామే చెయ్యాలి.

ఏది మాడిన మచ్చో, ఏది అంటుకున్న పొట్టో దానికి నేర్పేది రత్నాలమ్మ. ముప్పై ఏళ్లు పప్పు ఏరిన మనిషి. నిన్నంతా నేర్పింది. ప్రోగ్రాం ఆగిపోతే జోగారావు బలవంతంగా మూసేశాడు. మళ్లీ తెరిస్తే పాఠం అంతా పోయింది. ఆమె ఇవాళ పొద్దున్నే పూండి నుంచి రైల్లో వచ్చి మొదట్నుంచీ నేర్పింది. రేపటి నుంచి రాదు. ఆమెకు డయాలసిస్ మొదలవుతోంది.

"ఏటల్లుడూ, మల్లా పడుకుండిపోనాదా నీ మిసను?"

"నువ్వు సెప్పింది అరగలేదు అత్తా," అన్నాడు గానీ నవ్వు రాలేదు.

మెషీన్ అమ్మిన కంపెనీ ఇంజనీరు మహీధర్‌కు ఫోన్ చేశాడు.

"ఎండ్ టాస్క్ కొట్టి మూసేసి మళ్లీ ఓపెన్ చెయ్యండి."

"నేర్పిందంతా పోద్దండీ."

"మళ్లీ నేర్పించండి. ఒక్కరోజు పనేగా!"

జోగారావు ఫోన్ పెట్టేశాడు. మౌస్ మీద వేలు ఉంది గానీ నొక్కబుద్ధి కాలేదు.

రత్నాలమ్మ తెర వైపు చూడటం లేదు. బెల్టునే చూస్తోంది.

"పప్పింకా పడతనే ఉందేటి?"

"దాని మోటారు వేరత్తా."

"బట్టీ కాడ జీడిపిక్కలేపే డ్రమ్ము బిగిసిపోతే మంట మీద నీల్లు పోత్తామేటి? ముందు పిక్కలెయ్యడం మానేత్తాం. లోపలున్నయ్యి కదిలీదాకా సూత్తాం."

జోగారావు చటుక్కున లేచాడు. పాఠం త్వరగా ముగిసి ఆమెకు ఇంటికెళ్లే రైలు అందాలని నిన్నా ఇవాళా పప్పు జోరు నాలుగు నుంచి ఏడుకు పెంచింది అతనే. ఫొటోలు గుట్టపడి ఉంటాయి. వాటి వెంట పరిగెత్తే ప్రోగ్రాంకు రాసుకునే తీరిక ఎక్కడిది?

జోరు మరను సున్నాకు తిప్పాడు. బెల్టు ఖాళీ అయింది. తెర అలాగే ఉంది. కంప్యూటర్ డబ్బా మీద ఎర్ర దీపం మాత్రం మిణుకుమిణుకుమంటోంది. అంటే లోపల పని నడుస్తూనే ఉంది. నిన్న కూడా మిణుకుమనే ఉంటుంది. తను చూడలేదు.

కాసేపటికి ఖాళీ బెల్టు మీద గాలి టప్ టప్ మంటూ కొట్టింది.

"ఓలమ్మ, లేని పప్పుని తన్నుతందేటి!"

"ఇందాకటి ఫొటోలత్తా. ఇప్పుడు సూత్తంది."

చప్పుడు ఆగింది. సేవ్ అయిందని తెర మీద అక్షరాలు వచ్చాయి. ప్రోగ్రాంను మామూలుగా మూసి, తెరిచాడు. పాఠం ఉంది. జోరు నాలుగులో పెట్టి గుప్పెడు పప్పు వదిలాడు. పొట్టు అంటినవి నేరుగా పోయాయి. మాడిన రెండూ పక్క డబ్బాలో పడ్డాయి. రత్నాలమ్మ వాటిని తీసి, తిప్పి చూసి, తిరిగి ఆ డబ్బాలోనే వేసింది.

"రేపు నాకనుమానమొత్తే అత్తా?"

"ఆ పప్పు ఫొటో తీసి పంపు. ఆసుపత్రి మంచం మీద నాలుగ్గంటలు ఊరకే ఉంటాను కదా." సంచీ భుజాన వేసుకుంది. "బయట ఎలుగులో పెట్టి తియ్యి. ఈ ట్యూబులైటు కింద అన్నీ మాడినట్టే ఉంటాయి."