చల్లారని గాలి

...రేపు అక్క అడిగితే ఏం చెప్పాలి, ఇక్కడి మీటరు ముల్లు నిండుగానే చూపించిందని చెప్పాలా, అనుకుంటూ అతను, బావ వీపున కట్టుకుని నీళ్లలో దిగే గాలి సిలిండరు పొట్టకి చేతి వెనక వైపు ఆనించాడు. చురుక్కుమంది.

రోజూ ఇలా కాదు. గాలిని సన్నగా వదులుతాడు. నిండాక నీడలో పెట్టి, చల్లారి తగ్గినంత మళ్లీ నింపుతాడు. ఇవాళ పొద్దున్నే కరెంటు పోయి, గాలి పట్టే మిషను ఆగి, ఆలస్యమైంది. రేవులో పడవ హారన్ మోగుతోంది. ఓడల అడుగున పట్టిన నాచు గీకడానికి వెళ్లే బావ గుమ్మంలో నిలబడి, "తిప్పరా బామ్మర్దీ, దీనికీ ముహూర్తం చూడాలా?" అన్నాడు. అతను వాల్వు మొత్తం తిప్పాడు. పెద్ద ఇనప సిలిండర్లలో నిల్వ ఉంచిన గాలి ఒక్కసారిగా బావ సిలిండర్లోకి ఉరికి, దాన్ని వేడెక్కించింది.

ఎవరేం చెప్పినా చేసే మనిషి. తన పెళ్లి ఫోటోలో కాస్త జరగమంటే జరిగి, సగం బయటికి పోయాడు.

"నిండిందిగా?" అన్నాడు బావ.

"వేడి మీద నిండింది బావా. నీళ్లలో చల్లబడగానే తగ్గిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ పోస్తాను."

"పడవాడు ఆగుతాడా? నీ చాదస్తం మీ అక్కకి చెప్పుకో."

"గాలెంత మిగిలిందో చూపే నీ మీటరు కూడా పాడైంది కదా."

"చేతికి గడియారం ఉందిలే."

బావ లెక్క అదే. నిండు సిలిండరు ఎంతసేపు వస్తుందో బావకి అలవాటు. గడియారం చూసుకుని పైకి వస్తాడు. ఈ వేడి ఆ లెక్కలో లేదు. పైన ఓడ అడుగు కప్పులా పరుచుకుని ఉంటుంది. ఊపిరి అందకపోతే నేరుగా పైకి లేవడానికి ఉండదు.

"వస్తున్నా!" అని పడవ వైపు అరిచి, బావ ఈత చెప్పుల కోసం వంగాడు.

అతను సిలిండరుని గోడకి ఆనించి, మోకాలితో అదిమి, వాల్వు పూర్తిగా తెరిచాడు.

చెవులు చిల్లులుపడేలా గదంతా ఊళ వేసింది.

"ఒరేయ్! మతిపోయిందా నీకు?"

అతను వాల్వు మీది చెయ్యి తియ్యలేదు. గాలి చప్పుడు సన్నగిల్లేసరికి పడవ మోత దూరమైపోతూ వినిపించింది. బావ అతన్ని ఎగాదిగా చూసి, చెప్పులు చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

గోడకి ఆనిన ఖాళీ సిలిండరు వాల్వు చుట్టూ మంచులాంటి తెల్లటి చెమ్మ పట్టి, చుక్కగా మారి, కిందికి జారింది.