ఏడో అర్థానికి ఒక చీటీ

బస్సులో ఆమె ఎప్పుడూ ఎడమవైపు కిటికీ పక్కనే కూర్చుంటుంది. ఆమెకు ఎడమ చెవి కాస్త మందం. ఆ చెవిని కిటికీకి వదిలేసి, కుడి చెవిని జనానికి అప్పగిస్తుంది. మెడలో దారానికి కట్టిన పెన్సిలు ముక్క, ఒళ్ళో అరచేతి వెడల్పు తెల్ల చీటీల కట్ట. ముందు సీట్లో ఇద్దరు పెద్దమనుషులు తమ అపార్టుమెంటు సంగతి మాట్లాడుకుంటున్నారు. లిఫ్టు గురించి మీటింగు పెట్టుకున్నారట. చక్కగానే మొదలైందట.

"టీలు వచ్చేసరికి మొత్తం బెడిసికొట్టిందండీ. చక్కెర తక్కువైందని ఒకాయన లేచాడు. ఇక లిఫ్టు ఊసే లేదు," అన్నాడు బట్టతలాయన.

ఆమె చీటీ మీద నాలుగు వరసలు రాసింది. ఏమన్నారు, ఎవరన్నారు, ఎక్కడ, ఎప్పుడు. బెడిసికొట్టడం అన్న అర్థానికి చీటీ ఎప్పుడో దొరికింది, ఇంకోటి అక్కర్లేదు. పైగా ఇవాళ ఉద్యోగానికి ఆఖరి రోజు. అయినా చెయ్యి ఊరుకోదు కదా.

ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే. ఇంగ్లీషు మాటలకు మన మాటలిచ్చే నిఘంటువు ఆఫీసులో, మనుషులు నిజంగా ఏమంటారో విని రాసుకొచ్చే పని. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి ఇంతకన్నా మంచి పని ఎవరిస్తారని ఆమె నమ్మకం. నలుగురూ మాట్లాడుకునేది చాటుగా విన్నందుకు ఇంట్లో తిట్టేవారు. ఇక్కడ జీతమిచ్చారు. అందరూ ఆమెను చీటీలక్కయ్య అంటారు.

ఆఫీసంటే తాళాల కొట్టు మీద రెండు గదులు. ఒక గది నిండా చీటీల సొరుగులు. రెండో గదిలో మూడు బల్లలు. ఒకటి సంపాదకుడిది, ఒకటి అచ్చుకు అక్షరాలు కూర్చే కంపోజరుది, ఒకటి ఆమెది. చీటీలు పోగు కావడానికే ఇరవై ఏళ్ళు పట్టింది. అచ్చు ఇప్పటికి 'సి' అక్షరంలో పడింది. ఈ నడకన 'జెడ్' దాకా వెళ్ళాలంటే తన మనవడి మనవడు కూడా ఇదే కుర్చీలో కూర్చోవాల్సి వస్తుందని కంపోజరు అంటుంటాడు. ఆయనకు ఇంకా పెళ్ళే కాలేదు. యాభై రెండు దాటాయి.

సంపాదకుడు పెద్దాయన, పొడుగ్గా, వంగిన దీపస్తంభంలా ఉంటాడు. నిఘంటువులోకి కల్పించిన వాక్యం ఒక్కటి కూడా రాకూడదని ఆయన పంతం. పేజీ అచ్చుకు పంపే ముందు ఒక్కో చీటీ పైకి చదువుతాడు. తల ఎత్తి, "విన్నదేనా?" అంటాడు. తెచ్చిన మనిషి "విన్నదే" అనాలి. అనలేకపోతే చీటీ, కిటికీలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలోకి పోతుంది. చీటీ లేని అర్థం పుస్తకంలో ఉండదు. ఆయన లేనప్పుడు కంపోజరు ఆయన్ని విన్నదేనాగారు అంటాడు. ఇంతకు ముందు పనిచేసి మానేసిన వాళ్ళ చీటీలు ఆ డబ్బాలో బోలెడున్నాయి. అక్కయ్యది ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు గానీ, రోజూ డబ్బా మీద దుమ్ము తుడిచేది మాత్రం ఆమే.

ఆమె చెప్పులు విప్పి లోపలికి రాగానే కంపోజరు ఎదురొచ్చాడు. సాయంత్రం వీడ్కోలు ఉపన్యాసం తనదేనని పదిహేను రోజులుగా బెదిరిస్తున్నాడు.

"రెండు పేజీలు రాశానక్కయ్యా. మొదటి పేజీకి నవ్వుతారు, రెండో పేజీకి ముక్కు చీదుతారు. రుమాళ్ళు రెండు తెచ్చుకోండి."

"వినేదే ఇద్దరం. మా కోసం రెండు పేజీలా?"

"జనాన్ని బట్టి తగ్గించే రకం కాదు నేను."

సంపాదకుడు లోపల్నుంచి దగ్గాడు. అది ఆయన పలకరింపు. నాలుగింటికి ఒక పేజీ ముగించాలనీ, 'కొలాప్స్' అన్న మాట ఉన్న పేజీయేననీ చెప్పి, చీటీలు ఒకసారి సరిచూసుకోమని ఆమె బల్ల మీద పెట్టాడు. ఏడు అర్థాలు, ఏడు చీటీలు. గోడ కూలడం ఒకటి. ధరలు కుదేలవడం ఒకటి. చర్చలు బెడిసికొట్టడం. మడతకుర్చీ మడుచుకుపోవడం. ఎండకు మనిషి సొమ్మసిల్లి పడిపోవడం. ఊపిరితిత్తి ముడుచుకుపోవడం, అది ఆసుపత్రి బెంచీ మీద దొరికింది. ఏడోది, అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి ఒక్కసారిగా లోపల్లోపల కూలిపోవడం.

ఏడో చీటీని ఆమె రెండోసారి చదివింది.

'నలుగురి ముందూ గోడలా నిలబడ్డాను. ఇంటికొచ్చి, లేసు ఊడిన ఆయన బూట్లు చూడగానే కుప్పకూలిపోయాను.' అన్నది: పళ్ళమ్మే ఆమె. ఎక్కడ: బస్టాపు. పంతొమ్మిదేళ్ళ కిందటి తేదీ.

ఆ రోజు ఆమె బస్టాపుకే వెళ్ళలేదు. పళ్ళమ్మే ఆమె లేదు. ఆ వారమే మంగళవారం పొద్దున, బూటు లేసు కట్టుకుంటూ వంగిన ఆమె భర్త మళ్ళీ లేవలేదు. నాలుగో రోజుకే ఆమె పనికొచ్చింది. వీధిలోకి వెళ్ళి ఎవరి మాటా వినే ఓపిక లేక, ఈ బల్ల దగ్గరే కూర్చుని ఒక చీటీ రాసి సొరుగులో వేసింది. పదకొండు వేల చీటీల్లో అదొక్కటే దొంగచీటీ. అది ఎప్పటికీ బయటికి రాదనుకుంది. 'సి' దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది కాబట్టి, తను దిగిపోయేలోపు రాదనే అనుకుంది. ఆఖరి రోజునే వచ్చింది.

నాలుగింటికి పెద్దాయన అడుగుతాడు. "విన్నదే" అంటే సరిపోతుంది. ఒక్క మాట. కాదంటే ఇరవై ఏడేళ్ళ పేరూ డబ్బాలో పడుతుంది, ఏడో అర్థం పుస్తకంలోంచి పోతుంది. మూడో దారి ఒక్కటే ఉంది. ఈలోగా ఎవరి నోటనైనా నిజంగా వినాలి.

చీటీల కట్ట తీసుకుని మెట్లు దిగింది.

మలుపులో కట్టుబడి పని జరుగుతోంది. తాపీమేస్త్రి ఆమెకు పాత చుట్టం లాంటివాడు. మాటలు అడిగి చెప్పించుకోకూడదన్నది ఆఫీసు నియమం. నోట్లోంచి దానంతటది రావాలి. ఆమె మాటను చుట్టూ తిప్పి, మనిషి ఎంత గట్టివాడైనా ఒక్కోసారి ఉంటుంది కదా అని సంభాషణను అటు తోలింది. మేస్త్రి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, పోయినేడు తడికి జారిపోయిన ప్రహరీ గురించి అరగంట చెప్పాడు. మెకానిక్కు దగ్గర ఇంజను మొరాయించింది, మనిషి మొరాయించలేదు. మైదానంలో పొద్దెక్కినా బంతాట ఆడుతున్న ముసలాళ్ళు ముగ్గురు కాళ్ళు చాపుకుని గసపోసుకుంటూ, తమకేమీ కాలేదనీ, బంతిలోనే గాలి తగ్గిందనీ చెప్పారు.

గోడ గురించి చెప్పేవాళ్ళున్నారు. బండి గురించి, బంతి గురించి చెప్పేవాళ్ళున్నారు. ఫలానా రోజు నేను కూలిపోయానని చెప్పేవాళ్ళు మాత్రం ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. ఇన్నేళ్ళలో ఆ అర్థానికి రెండో చీటీ ఎందుకు రాలేదో ఆమెకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, ఆమె, ఆమె ఆడపడుచు. ఆడపడుచు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు ఉన్నప్పుడు తప్ప ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది. అక్కయ్య కంచం ముందు కూర్చుని, నువ్వు ఇంత ధైర్యస్థురాలివి కదా, ఎప్పుడైనా ఉన్నట్టుండి, అని మొదలుపెట్టింది.

ఆడపడుచు మిషను ఆపింది. "ఏంటి వదినా, నా నోట్లో వేలు పెట్టి మాట లాగుతున్నావా? ఆ పెన్సిలు పట్టుకునే తీరులోనే తెలుస్తోంది."

అక్కయ్య ఇక దాచలేదు. చీటీలో ఏముందో చెప్పింది, ఆ బూట్లు ఆడపడుచు అన్నగారివేనని కూడా చెప్పింది. ఆడపడుచు గుడ్డ అంచు మడతపెట్టింది.

"ఆ రోజుల్లో నిన్ను చూసి ఏమనుకున్నానో తెలుసా? ఈవిడకి గుండె ఉందా, తాళంకప్ప ఉందా అనుకున్నాను. నువ్వు ఏడవట్లేదని నేనూ బిగపట్టుకున్నాను. ఆ మాట చీటీకి చెప్పావు గానీ నాకు చెప్పలేదు."

"నువ్వు నవ్వుతావనుకున్నాను."

"నవ్వేదాన్నే. ఆ తర్వాత ఏడ్చేదాన్ని." సూది గుచ్చి మళ్ళీ మిషను తొక్కింది. "ముసలాయన అడిగితే అబద్ధం ఆడకు. ఆఖరి రోజున నీకు అబద్ధం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. మందం చెవి కూడా."

అది మంచి మాటే. కానీ ఏడో అర్థానికి పనికొచ్చే మాట కాదు. అక్కయ్య చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

నాలుగింటికి పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మొదటి చీటీ అందుకున్నాడు. కంపోజరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బల్ల మీద ఆయన ఉపన్యాసం నాలుగు మడతలుగా ఉంది. పక్కన మూడు టీలు. గోడ. "విన్నదేనా?" "విన్నదేనండీ." ధరలు. "విన్నదేనా?" "విన్నదే." అలా ఆరు. ఏడో చీటీ ఆయన మామూలు కంటే నెమ్మదిగా చదివాడు. తల ఎత్తాడు.

"విన్నదేనా?"

"కాదండీ."

కంపోజరు కుర్చీ కిర్రుమంది. ఆమె చీరకొంగుతో పెన్సిలు తుడిచింది, మళ్ళీ తుడిచింది. పళ్ళమ్మే ఆమె లేదనీ, ఆ మాట తనదేననీ, తప్పయిపోయిందనీ చెప్పింది.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "పళ్ళమ్మే ఆమె ఇంట్లో లేసుల బూట్లేమిటా అని ఆనాడే అనుకున్నానమ్మా. అడగాల్సిన రోజు వస్తుంది కదా, అప్పుడే అడుగుదామని ఊరుకున్నాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అడిగాడు. "అప్పుడు పైకి ఎవరితోనైనా అన్నారా?"

"లేదండీ. ఇవాళ మధ్యాహ్నం అన్నాను."

"అప్పుడే అనాల్సింది."

ఎర్రసిరా పెన్నుతో చీటీ అడుగున ఏదో రాసి, లేచి కిటికీ దాకా నడిచి, డబ్బా మూత తీసి అందులో వేశాడు. మూత సరిగ్గా పట్టలేదు. చీటీలు నిండిపోయాయి. ఏడో అర్థం తీసేసి పేజీ ముగించమని కంపోజరుకు చెప్పాడు.

"పది నిమిషాలాగండి," అన్నాడు కంపోజరు. "ముందు నా ఉపన్యాసం. తీసేసేది తర్వాత తీసేద్దాం. ఏడుపు ముఖంతో అక్కయ్యని పంపిస్తే నా మొదటి పేజీ ఏం కావాలి?"

లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. మడతలు విప్పాడు. కాగితం వంక చూశాడు, అక్కయ్య వంక చూశాడు. ఆమె అలవాటు కొద్దీ కుడి చెవి ఆయన వైపు తిప్పి, తల కాస్త వంచి, వినడానికి సిద్ధంగా కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆయన చెప్పిన ప్రతి చెత్త జోకుకీ ఆ చెవి అలాగే తిరిగింది. రేపట్నుంచి ఆ బల్ల దగ్గర చెవి ఉండదు.

ఆయన నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. "గౌరవనీయులైన" అన్నాడు. ఇంకేమీ రాలేదు. టీ గ్లాసుల మీద ఆవిరి సన్నబడింది. కింద కొట్లో ఎవరో తాళం చెవి అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. కంపోజరు మెల్లగా కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పొద్దున్నించీ బాగానే ఉన్నానక్కయ్యా. మీరు అలా చెవి పెట్టి కూర్చునేసరికి లోపల ఒక్కసారిగా చతికిలబడిపోయాను."

అక్కయ్య కళ్ళు తుడుచుకోబోయిన చెయ్యి సగంలో ఆగింది. ఆ చెయ్యి పెన్సిలు మీదికి వెళ్ళింది. చీటీ తీసింది. ఏమన్నారు, ఎవరన్నారు, ఎక్కడ, ఎప్పుడు. నాలుగూ నాలుగు వరసల్లో రాసి పెద్దాయన ముందు పెట్టింది.

ఆయన పైకి చదివాడు. "విన్నదేనా?"

"విన్నదేనండీ. మీరూ విన్నారు."

"విన్నాను," అన్నాడు పెద్దాయన. ఇరవై ఏడేళ్ళలో ఆ జవాబు ఆయన నోట రావడం అదే మొదటిసారి.

కంపోజరు ముక్కు చీది, తన పరువు తన చేతులతోనే అచ్చులో పెట్టుకునే కర్మ పగవాడికి కూడా వద్దని గొణుక్కుంటూ, వాక్యాన్ని ఏడో అర్థం కింద కూర్చాడు. అన్న మనిషి పేరు నిఘంటువులో వెయ్యరు కదా అని అక్కయ్య ధైర్యం చెప్పింది. ఊళ్ళో పెళ్ళికాని కంపోజరు తనొక్కడే కాబట్టి పేరు వేయకపోయినా తెలిసిపోతుందని ఆయన బాధ. టీలు చల్లారిపోయాయి. ముగ్గురూ చల్లటి టీలే తాగారు. చక్కెర తక్కువైంది. ఎవరూ లేవలేదు.

అయిదింటి బస్సుకు ఆమె మెట్లు దిగింది. పెన్సిలు మెడలోనే ఉంది. ఉద్యోగం ఇచ్చెయ్యవచ్చు గానీ చెవి ఇచ్చెయ్యలేం కదా అంది, వీధి దాకా సాగనంపిన కంపోజరుతో. ఉపన్యాసం కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. ఇంటికెళ్ళి ఆడపడుచుకి పైకి చదివి వినిపిస్తానంది. ఆ బూట్ల రోజునే చెప్పాల్సిన ఇంకో మాట ముందు ఆవిడకి చెప్పాలని కూడా అంది. ఏ మాటో ఆయన అడగలేదు. బస్సు వచ్చింది. ఎడమవైపు కిటికీ దగ్గర ఆమె తల కనిపించింది. అప్పటికే కుడివైపుకు తిరిగి ఉంది.

మేడ మీద గదిలో పొద్దువాలు వెలుగు కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. ఇక దుమ్ము తుడిచేవాళ్ళు లేని బిస్కెట్ల డబ్బా మూత కొంచెం లేచి ఉంది. అందులో అన్నిటికన్నా పైన, గుండ్రటి చేతిరాతతో ఒక పాత చీటీ, దాని అడుగున కొత్త ఎర్రసిరా: 'మాట మంచిది. విన్నది కాదు.'