మడతకు లొంగని సంఖ్య

నా కూతురు పిచ్చుక పరీక్ష కాగితాన్ని బల్ల మీద పెట్టి, జడ విప్పుకోవడం మొదలుపెట్టింది. తొమ్మిది, పదిహేను, ఇరవై ఒకటి ప్రధాన సంఖ్యలని రాసింది. ఒక్కొక్కదాని పక్కనా ఎర్ర గీత. రెండు ప్రధాన సంఖ్య కాదని రాసినచోట గీత ఇంకాస్త లావుగా ఉంది.

"నువ్వు చెప్పినట్టే రాశాను," అంది.

"తెలుసులే."

"ప్రధానమైతే సగానికి మడిచినప్పుడు ఒకటి మిగలాలి అన్నావు. నాకు సున్నా మిగిలింది."

నేను బైండింగ్ షాపులో పనిచేస్తాను. అచ్చయి వచ్చిన పెద్ద షీటును సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడవడం నా పని. నా చేతులకు భాగించడమంటే మడవడమే. మడతకు రాకుండా మిగిలిపోయిన ఒంటి కాగితాన్ని విడిగా జిగురు రాసి అతికిస్తాం. ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేనిది ప్రధాన సంఖ్య అని దాని పుస్తకంలో చదవగానే, ఓస్, మా ఒంటి కాగితాల సంగతే కదా అనుకున్నాను. అంత సులువుగా అర్థమైనప్పుడే అనుమానం రావాల్సింది.

"రేపట్నుంచి పిన్ని దగ్గర చెప్పించుకుంటానమ్మా."

పిన్ని అంటే నా చెల్లెలు. పై అంతస్తులోనే ఉంటుంది. అది కాలేజీ దాకా చదివింది, నేను ఏడో తరగతిలో ఆపేశాను. పిచ్చుక ఇప్పుడు ఆరో తరగతి. ఏదో ఒక రోజు దాని పుస్తకాలు నన్ను దాటిపోతాయని తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు. సాయంత్రం ఈ బల్ల దగ్గర కూర్చునే గంట తీసేస్తే మా ఇద్దరి మధ్య మిగిలేవన్నీ ఆజ్ఞలే. తిను, స్నానం చెయ్యి, పడుకో. ఆ గంటలోనే అది నన్ను ఏదైనా అడుగుతుంది.

"ఒక్క రోజు ఆగు," అన్నాను. "ఎల్లుండికి రాసుకెళ్లాల్సిన ప్రశ్న ఉంది కదా, తొంభై ఒకటి ప్రధాన సంఖ్యా కాదా అని. రేపు సాయంత్రం నేను చెబుతాను. చెప్పలేకపోతే పైకి పో."

"మళ్లీ మడతలేనా?"

"మడతలు కాదు."

మరి ఏమిటో నాకు తెలియదు.

మర్నాడు షాపులో, చెత్తబుట్టలోంచి పాత లేబుళ్లు తీశాను. చిన్న చదరపు ముక్కలు. ముందు తొమ్మిది ముక్కలు పేర్చాను. మూడు, మూడు, మూడు. ఒళ్లు మండింది. మూడు మడతల కరపత్రాలు వేలకు వేలు మడిచిన చేతులివి. కాగితం మూడుకీ లొంగుతుందని వాటికి తెలుసు. తలకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

భోజనాల వేళ అన్నం గిన్నె పక్కకు నెట్టి తొంభై ఒక్క ముక్కలు లెక్కపెట్టుకున్నాను. ఎదుటి బల్ల దగ్గర జిగురు తాత కుంచె కడుక్కుంటూ చూశాడు.

"ఏంటమ్మా, పేకాటా?"

"లెక్కలు తాతా."

"పేకాటే నయం. అందులో కనీసం పక్కవాడి కడుపైనా నిండుతుంది."

రెండేసి పేర్చాను. ఒకటి మిగిలింది. మూడేసి పేర్చాను. ఒకటి మిగిలింది. రెండుకే లొంగనిది నాలుగుకేం లొంగుతుందని దాన్ని వదిలేసి ఐదుకు పోయాను. ఒకటి మిగిలింది. ఆరుతో అసలే అక్కర్లేదని అప్పుడు తట్టలేదు. ఆరేసి కూడా పేర్చాను. అదే ఒకటి, నన్ను చూసి నవ్వుతున్నట్టు. గంట మోగింది. కాగితాలు కోసే కట్టర్ మొదలైంది. ఇన్నిసార్లు తలుపు కొట్టినా పలకని ఇంట్లో ఎవరూ లేరనుకోవడం సహజమే కదా. ముక్కల్ని సంచిలో వేసుకున్నాను.

"ప్రధాన సంఖ్యే," అన్నాను చెప్పులు విప్పుతూనే.

"కాదు. ఏడు పదమూళ్లు. పిన్ని మెట్ల మీద కనిపిస్తే అడిగాను."

"నిన్ను ఆగమన్నానా లేదా?"

"సాయంత్రం అయిందిగా! నువ్వు రాలేదు, ఆవిడ వచ్చింది."

సంచి బల్ల మీద బోర్లించాను. పదమూడు చొప్పున ఏడు వరుసలు. ఆఖరి ముక్క ఆఖరి చోట కూర్చుంది. ఒక్కటి మిగల్లేదు. ఇంకొక్క అడుగు వేసి ఉంటే నా చేతికి చిక్కేది. అంత పొందికగా ఉన్నదాన్ని చూసి అంతలా పళ్లు నూరినవాళ్లు ఇంకొకరు ఉండరు.

పిచ్చుక మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది. "ఓ, గళ్లలాగానా? పిన్ని ఇలా చెప్పలేదు. ఎక్కంలో ఉంది చూసుకో అంది, అంతే." పదకొండు ముక్కలు తీసి రెండు వరుసలు చేసింది, చెడగొట్టింది, మూడు చేసింది, చెడగొట్టింది. చివరికి బారుగా ఒక్క వరుస పేర్చింది. "ఇది ఇలా తప్ప కుదరదు. అంటే ప్రధానం."

"అదే," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"మరి ఒకటి?"

"అదీ ఒకే వరుస. ప్రధానమే."

"కాదు. సార్ కాదన్నారు."

"ఎందుకు కాదు?"

"కాదన్నారు."

"ఎవరో కాదంటే కాకుండా పోతుందా? కారణం అడగవా? పిన్ని అన్నా సరే, సార్ అన్నా సరే, నేను చెబితే మాత్రం అనుమానం!"

నా కోపం ఒకటి మీద కాదని దానికీ అర్థమైనట్టుంది. పదకొండు ముక్కల వరుసను ఒక్కొక్కటే తిప్పి నిలువుగా పేర్చింది.

"అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. పదకొండుకి రెండు రకాలు," అంది మెల్లగా. తర్వాత ఒకే ఒక్క ముక్కను విడిగా పెట్టింది. "ఇది అడ్డమా, నిలువా?"

నేను బల్ల మీదికి వంగాను.

"రెండూ అదే! దీనికి రెండో రకం లేదమ్మా. ఒకటీ, ఆ సంఖ్యా అని రెండు ఉండాలి. ఇక్కడ ఆ సంఖ్యే ఒకటి. రెండెక్కడున్నాయి?"

పుస్తకంలోని ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. అందులో 'రెండు' అనే మాట దాక్కుని ఉందని ఒక్కసారీ చూడలేదు. సంతోషించాలి. నా బల్ల దగ్గర, నా ముక్కలతో కనుక్కుంది. కానీ మధ్యాహ్నం అన్నం మానేసి నేను మోసుకొచ్చినది నా చేతుల్లోంచి నా కళ్లముందే ఎవరో అందుకున్నట్టు అనిపించింది. ఆ ఎవరో నా కూతురే.

"పిన్నికి చూపించొస్తా!"

ముక్కలన్నీ గౌను ఒళ్లో పోసుకుని మెట్లెక్కేసింది. పైన బల్ల జరిగిన చప్పుడు. "అదెలాగే?" అంటున్న చెల్లెలి గొంతు.

"అమ్మా, రెండు ముక్కలు తగ్గాయి! అక్కడ పడ్డాయేమో, పట్టుకుని పైకి రా!"

కుర్చీ కింద కనిపిస్తున్నాయి. వంగి తీశాను.

"కావాలంటే నువ్వే వచ్చి తీసుకో," అని అరిచి, బల్ల దగ్గర కూర్చున్నాను, మెట్ల వైపు చెవి పెట్టి.