టీకాల కథ ఎవరు చెప్పాలి

ఫోన్ మోగేసరికి పూజిత కొబ్బరికాయ పగలగొట్టి నీళ్ళు గ్లాసులోకి వంపుతోంది. ఛానల్లో పనిచేసే స్నేహితురాలు రష్మి. "నీ డాక్యుమెంటరీ కథ ఓకే అయిందే! రేపు పదకొండింటికి మావాళ్ళకి కథ వినిపించాలి, నెరేషన్."

పెళ్ళై నాలుగు నెలలైన కోడలన్న సంగతి మరిచి పూజిత వంటింట్లో గిర్రున తిరిగింది. బాల్కనీలోకి ఎండపొడ వచ్చినా సంబరపడే మనిషి. ఇదేమన్నా చిన్నదా? దేశంలో పిల్లలకి ఏ టీకా వెయ్యాలో సలహా చెప్పే సంఘం చరిత్ర! రెండేళ్ళుగా సమావేశాల కాగితాలు చదివింది, రిటైరైన డాక్టర్ల ఇళ్ళచుట్టూ తిరిగింది. పోలియో అనీ, పిల్లల విరేచనాల రోటావైరస్ అనీ ఆ సంఘంలోవాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు, సలహా రాసిచ్చి వెళ్ళిపోతారు. బిడ్డకి సూది వేయించిన తల్లికి వాళ్ళలో ఒక్కరి పేరూ తెలీదు. అక్కడే ఆమెకి ఈ కథ మీద మనసు పడింది.

ఫిల్మ్‌నగర్‌లో దర్శకుడు కావాలని పదేళ్ళుగా తిరుగుతున్న భర్త రఘునందన్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"నెరేషన్ నేనిస్తా. కథకి కూడా నా పేరే వేయించు. ఇండస్ట్రీలో అంతే."

"ఏమని చెప్తావు నందూ?"

"కుర్ర డాక్టరు కమిటీ మొత్తాన్ని ఎదిరిస్తాడు. ఇంటర్వెల్‌కి టేబుల్ గుద్ది లేస్తాడు."

పూజిత ముద్దుగానే నవ్వింది. "డాక్యుమెంటరీకి ఇంటర్వెలేంటి! ఇందులో హీరో లేడు."

చెంప పేలింది. "ఎవర్ని చూసి నవ్వుతున్నావే?"

రెండో దెబ్బకి ముందు అతను గట్టుమీది గ్లాసుని, కొబ్బరినీళ్ళు ఒలక్కుండా, పక్కకి జరిపాడు. తర్వాత జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని గట్టు అంచుకేసి కొట్టాడు. పెదవి చీలింది. కోపంలో ఒళ్ళు తెలీలేదని రేపు అంటాడు. మరి గ్లాసు సంగతి ఎలా తెలిసింది?

అత్తగారు పుష్పవల్లి వచ్చి చూసి, చెంచాతో పంచదార తెచ్చింది. "శుభవార్త విన్నరోజు ఏడవకూడదమ్మా, నోరు తీపి చేసుకో. మన వీధిలో మేకప్‌వాళ్ళకి కరువా? రేపటికి కనపడదులే." చీలిన పెదవుల మధ్యకి చెంచా తోసింది. భగ్గున మండింది.

పూజిత పంచదారా నెత్తురూ కలిపి సింకులో ఉమ్మింది. వాళ్ళిద్దరూ చూస్తుండగా చెప్పులు వేసుకుని, వీధి తలుపు తీసి, రష్మికి ఫోన్ కలిపింది.

"వెంగళరావు నగర్‌లో మీ ఇంటికే వస్తున్నా. రేపు పదింటికి నాతో పోలీస్‌స్టేషన్‌కి రా. అట్నుంచటే పదకొండింటికి నెరేషన్. ఈ మొహంతో నేనే చెప్తాను."