రంగులు అలిగితే వచ్చే మనిషి

అమెరికాలోని మిల్వాకీలో మా వీధికంతటికీ మొదటి కలర్ టీవీ వాండా కోస్మిట్స్కీది. భర్త చనిపోయిన ఏడాది, 1957లో, కొన్నది. రంగుల కార్యక్రమం వచ్చినప్పుడల్లా వీధి వీధంతా ఆమె సోఫాల్లో దిగబడేది. ఆమె చేసిన గసగసాల రొట్టె తిని, ఆహా ఓహో అని వెళ్లిపోయేది. మోజు తీరాక ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు. మా వాళ్ల సంగతి నాకు తెలియంది కాదు.

ఒకరోజు ఊడవడానికి వాండా ఆ బరువైన టీవీ పెట్టెను పక్కకు తిప్పింది. అంతే, తెరమీది పాటగాడికి ఒక చెంప ఆకుపచ్చ, ఒక చెంప వంకాయ రంగు! దుకాణం నుంచి మెకానిక్ ఎర్విన్ వచ్చాడు.

"కదిపారా అమ్మా? భూమికి అయస్కాంతం ఉంటుంది కదా. పెట్టె దిక్కు మారితే రంగులు అలుగుతాయి."

కరెంటు తీగల చుట్టను తెరముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచాడు. పాటగాడు మళ్లీ మనిషయ్యాడు. ఎర్విన్ కాఫీ తాగి, రొట్టె తింటూ, వాళ్లావిడ నస గురించి చెప్పాడు. వాండా ఎన్నాళ్లకో పగలబడి నవ్వింది.

ఇక చూడండి, రొట్టె పొయ్యిలో పెట్టడం, నడుం ఆనించి పెట్టెను నెట్టడం, ఫోన్ చేయడం. చాలా ఏళ్ల తర్వాత తనే నాకు చెప్పింది. ఒక్క మనిషి కోసం అంత నాటకమా అనుకుంటే, మా వీధి మీదే ఒళ్లు మండింది.

"ఎప్పుడూ ఊడుస్తూనే ఉంటారేంటమ్మా? మా ఇంటికీ రాకూడదూ!" అని ఎర్విన్ ఆటపట్టించేవాడు. దొరికిపోయానేమోనని ఆమె గబగబా ఇంకో రొట్టె ముక్క కోసేది.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం అతను కొత్త తీగచుట్టతో వచ్చాడు.

"మీకోసం ఇంట్లో కూర్చుని నేనే చుట్టానమ్మా. ప్రతిసారీ నాకోసం ఎదురుచూడాలంటే మీకెంత కష్టం! రండి, నేర్పిస్తా."

వాండా నేర్చుకుంది. మొదటిసారికే రంగులు కుదిరాయి.

"చూశారా! ఇక నాతో పనే లేదు మీకు."

"మంచివాడివి నాయనా," అంది, మనస్ఫూర్తిగానే. "కాఫీ పెట్టనా?"

"ఇవాళ వద్దమ్మా, ఇంకా చాలా ఇళ్లు తిరగాలి."

అతను కోటు తొడుక్కున్నాడు. ఏ పనీ లేకపోయినా ఊరికే రా నాయనా, అనాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. అన్నది కూడా, అతను తలుపు వేసుకుని వెళ్లిపోయాక.