తప్పులు చెప్పుకునే ఆదివారం

ఎనిమిదో నంబరు మోగి మోగి ఆగిపోయింది. ప్రభావతి ఆ పేరు పక్కన చుక్క పెట్టి తొమ్మిదోది నొక్కింది. చిక్కడపల్లి సందులోని ఆ ఒంటిగదికి ఒకటే కిటికీ. ఫోను సరిగా వినపడాలంటే ఆ ఊచలకు ఆనుకొని నిలబడాలి. బయట ముసురు పట్టింది.

"మీకు ముందే చెప్పాల్సిందండి," అన్నాడు అవతలినుంచి దాసయ్య. అశోక్‌నగర్‌లో ఇరవై డాబాల మీద ఇంటివాళ్ళచేతే వాన కొలిపించే మనిషి ఆయన. "మావాళ్ళంతా మానేశారు. ఒక్కణ్ణే ఎన్నాళ్ళని పరిగెత్తను? ఇక నన్ను ఆదివారం కూటానికి పిలవకండి."

"మానేసిన ముచ్చటనే వచ్చి చెప్పున్రి సార్. అందుకే గద మనం కూసునేది."

"చెడిపోయిన పని గురించి నలుగురిలో ఏం చెప్పుకుంటామండి," అని ఆయన పెట్టేశాడు.

పదో నంబరు పద్మది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర తల్లులను కూడగట్టి పిచ్చుకలను లెక్కబెట్టిస్తుంది. "ఈసారికి ఇడిసిపెట్టు అక్కా," అంది. పోయిన మూడు నెలలూ అదే మాట.

ప్రభావతి నారాయణగూడలోని ఒక ప్రైవేటు కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటు. పొట్టి మనిషి. వేళ్ళ కొసలకు సిల్వర్ నైట్రేట్ మరకలు పడి, ఎంత తోమినా పోని నల్లటి గోరింట పెట్టుకున్నట్టు ఉంటాయి. పైటచెంగుల నిండా ఆసిడ్ చిల్లులు. మొగుడు పెళ్ళైన ఆరో ఏడే కామెర్లతో పోయాడు. ఆ తర్వాత గాజు గొట్టాలు కడగడం, ఆరబెట్టడం, రేపటికి సర్దడం. అంతే.

కాలేజీ వదిలాక బస్తీ జనం సీసాల్లో బోరు నీళ్ళు తెస్తే చూసిపెట్టేది. అలాగే పరిచయమయ్యారు ముషీరాబాద్‌లో బోర్లు బాగుచేసే విఠల్, పద్మ, దాసయ్య, ఇంకా చాలామంది. ఎవరూ శాస్త్రవేత్తలు కారు. మామూలు మనుషులను పోగుచేసి నీటినో వాననో పిట్టలనో కొలిపిస్తుంటారు. అందరిదీ ఒకటే గోడు. మొదట్లో వచ్చినవాళ్ళు తర్వాత రారు, వచ్చినవాళ్ళు రాసిన అంకెలు నమ్మాలో వద్దో తెలియదు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడం ఆమెకు వింతగా తోచింది. రెండువేల పదిలో వాళ్ళనందరినీ ఒకచోట కూర్చోబెట్టింది. నెలనెలా రెండో ఆదివారం. నియమం ఒకటే: సాధించింది తర్వాత, చెడగొట్టింది ముందు చెప్పాలి. మొదటిసారి ఇరవైరెండు మంది వచ్చారు. ఒకే చెట్టు మీది పిచ్చుకలను ఇద్దరు విడివిడిగా లెక్కబెడితే తప్పు దొరుకుతుందని పద్మ నేర్చుకున్నది అక్కడే. ఆ రోజు పద్మ ముఖం వెలిగిపోవడం చూసి, ఇంతకాలం తానెందుకు బతికిందో అర్థమైనట్టు అనిపించింది ప్రభావతికి.

ఇప్పుడు మూడేళ్ళయింది.

అశోక్‌నగర్‌లో మూతపడ్డ ప్రెస్సు పైగదే వాళ్ళు కలిసే చోటు. ఆ ఆదివారం మెట్లెక్కుతుంటే ప్రభావతికి ఎడమ రెక్క బరువుగా లాగింది. రెండుచోట్ల ఆగింది. పైకి చేరి తడిసిన గొడుగును తలుపు వెనక విప్పి ఆరబెట్టింది. లోపల విఠల్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"వచ్చే వారం సంది ఈడ కోచింగు సెంటరంట అక్కా. కింద చెప్పిన్రు."

"నాకు నిన్ననే చెప్పిన్రు." ఆమె ఖాళీ బెంచీలను ఒకసారి చూసి, "లేచి నిలబడి చెప్పు, ఏం చెడగొట్టినవో," అంది.

"ఎవలున్నరని?"

"నేనున్న గద."

విఠల్ నిలబడ్డాడు. యాభై ఇళ్ళవాళ్ళు నెలనెలా బోరులోకి తాడు దింపి నీటి లోతు కొలిచి అతనికి రాసిచ్చేవాళ్ళు. "సగం మంది తాడే దింపలే. పోయిన నెల అంకెనే జర అటిటు మార్చి రాసిన్రు. ఆ లెక్క చూసే గల్లీల నాలుగు కొత్త బోర్లు ఏసిన్రు. ఒక్కదాంట్ల గూడ నీళ్ళు పడలే. మూడేండ్లు అబద్ధమే కొలిచిన అక్కా."

"నీకెప్పుడు అనుమానమొచ్చింది?"

"రెండో ఏడే. గట్టిగడిగితే ఉన్నోళ్ళు గూడ రారని ఊకున్న."

ప్రభావతి తన నల్లటి వేళ్ళవైపు చూసుకుంది. "మా ల్యాబుల పిల్లలు నిరుటి రికార్డుల కెల్లి అంకెలు ఎక్కిస్తరు. సార్లు సంతకం పెడ్తరు. ముప్పై ఒక్క ఏండ్లు సూసుకుంట ఊకున్న నేను. మీ అందరితోని తప్పులు చెప్పిచ్చిన గని, నాదెన్నడు చెప్పలే."

"చాయ్ తెస్త అక్కా," అని విఠల్ కిందికి దిగాడు.

హోటల్లో రద్దీగా ఉంది. అతడు రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ఆమె బల్లమీద చెంప ఆనించి ఉంది. నిద్రపోతోందనుకుని గ్లాసులు చప్పుడు కాకుండా పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. చాయ్ చల్లారాక గానీ భుజం తట్టలేదు. అప్పటికి ఆమె పోయి ఎంతసేపయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

దహనానికి పద్మ వచ్చింది. దాసయ్యా వచ్చాడు, ఇంకో నలుగురు వచ్చారు. తామంతా ఇలా కలవడం ఇదే చివరిసారని అందరికీ తెలుసు. ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. వచ్చే నెల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. విఠల్ ఎత్తుదామనుకుని, దాసయ్య ముఖం చూసి మానుకున్నాడు.

తర్వాతి ఆదివారం పైగదిలో వరుసగా కుర్చీలు పడ్డాయి. గ్రూప్స్ పరీక్షలకు చదివే నూటఇరవై మంది మోకాళ్ళు ఒరుసుకుంటూ కూర్చున్నారు. తలుపు వెనక మూలన మాత్రం, ఆ రోజు ఆరబెట్టిన నల్ల గొడుగొకటి, తడి ఎప్పుడో ఆరిపోయి, మూసేవాళ్ళు లేక అలాగే విప్పుకొని ఉంది.