చేగోడీలు మెత్తబడిన శ్రావణం

రావులపాలెం అవతల హరిబాబు చేగోడీల షెడ్డులో నూనె కంటే ముందు కాగేది అచ్చాయమ్మే. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పిండికి నీళ్లు కొలిచేదీ ఆవిడే, పన్నెండు మంది ఆడవాళ్లనీ తిట్టేదీ ఆవిడే. ఆ శ్రావణంలో రాజమండ్రి కొట్ల నుంచి నలభై పెట్టెల సరుకు తిరిగొచ్చింది. ఆవిడ ఒక చేగోడీ తీసి విరిచింది. టక్కుమనలేదు. తడిసిన తాటాకులా వంగింది.

ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. యాభై ఏళ్లుగా ఆ చేతి చేగోడీ వంగి ఎరగదు. ఎనభై ఆరు వరదలో అటకెక్కించిన రేకు డబ్బాని ఇరవై రోజుల తర్వాత దించితే, ఇల్లంతా బురదే గానీ లోపల చేగోడీలు గలగలమన్నాయి. అలాంటి చేతికి ఇదేం తలవంపు? ఆ మంటలో నోటికొచ్చింది అనేసింది.

"ఆ రోజుల్లో ఉండి ముట్టుకుని ఉంటుంది ఆ రూతు. నేను మొత్తుకుంటూనే ఉన్నాను."

రూతు కవర్లలో చేగోడీలు నింపి మిషను మీద అంటించే పిల్ల. హరిబాబుకి కావలసింది ఆ మాటే. ఎవరో ఒకరి మీదికి తోసేస్తే తన నెత్తి మీద ఉండదు. రేపట్నుంచి రావద్దని అందరి ముందే ఆమెతో చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే రూతు వచ్చి అచ్చాయమ్మ అరుగు మీద స్టీలు డబ్బా పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లలకని ఆ రోజు మీరిచ్చిన చేగోడీలే మామ్మగారూ. ఆ వాయివే. డబ్బాలో పోసిందీ నేనే, ఆ రోజుల్లో ఉన్నమాటా నిజమే. విరిచి చూడండి."

అచ్చాయమ్మ విరిచింది. టక్కుమంది.

"నా చెయ్యి తగిలి చెడితే ఇవీ చెడాలి కదండి. ఈ మాట పడ్డదాన్ని ఇంకే షెడ్డులో పెట్టుకుంటారు? అన్నది మీరే. మీరే చూసుకోండి."

డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

అచ్చాయమ్మకి మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియక గిన్నెల మీద చూపించింది. డబ్బాలో గట్టిగా, కవరులో మెత్తగా ఉంటే తప్పు చేతిది కాదు, కవరుది. రెండు నెలల కిందట హరిబాబు దళసరి కవర్లు మానేసి పల్చటి మెరుపు కవర్లు తెచ్చాడు. గాలి చొరదు, చెమ్మ చొరదని కంపెనీవాళ్లిచ్చిన కాగితం చూపించాడు. ఆవిడకి కాగితం చదవడం రాదు గానీ ఉప్పు సంగతి తెలుసు. చెమ్మ కబురు ఉప్పు కంటే ముందు చెప్పేవాళ్లు లేరు.

కల్లుప్పు చిటపటలాడేదాకా వేయించి, పాత కవరులో కొంత, కొత్త కవరులో కొంత పోసి అంటించి, పిండి ఉడికే ఆవిరి తగిలేచోట రెండూ వేలాడదీసింది. హరిబాబు ఊరుకోలేదు. ఇంకో కొత్త కవరులో తనూ ఉప్పు పోయించుకుని తన ఏసీ గదిలో పెట్టుకున్నాడు. వారం తిరిగింది. షెడ్డులో పాత కవరు గలగలమంది. కొత్తదాన్లో ఉప్పు ముద్ద కట్టి, నీరు కారింది.

"నా గదిలోది చూడండి మామ్మగారూ, పొడిగా ఉంది. కవరు మంచిదే."

"అయితే చేగోడీలన్నీ నీ గదిలోనే తినమను జనాన్ని. ఆ కంపెనీవాడికి ఫోన్ చెయ్యి."

ఫోన్‌లో అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు. "మా టెస్టు ఇరవై మూడు డిగ్రీల్లో, యాభై శాతం తేమలో చేసిందండి. అందులో నైలాన్ పొర ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ బాగా కాస్తుంది. తేమ ఎక్కువైతే అదే నీళ్లు పీల్చుకుని వదులవుతుంది. వేడి తోడైతే ఆవిరి ఇంకా తొందరగా దూరిపోతుందండి."

"శ్రావణంలో గోదారి గట్టున యాభై శాతం తేమ ఎక్కడుందో చెప్పు నాయనా. నేనూ వెళ్లి కూర్చుంటాను."

అతను ఫోన్ పెట్టేశాడు. హరిబాబు గొంతు తగ్గించాడు. "పాత కవర్లే తెప్పిస్తాను లెండి. రూతుకి కబురు పెడదాం, వచ్చి పని చేసుకోమనండి. అయిందేదో అయిపోయింది."

"ఎవరికి అయిపోయింది? అందరి ముందూ అని, చాటుగా కబురు పెడతావా? ఆ పిల్ల వచ్చి నిలబడేదాకా ఈ పొయ్యి వెలగదు."

వెలగలేదు. పదకొండింటికి రూతు వచ్చి గుమ్మంలో నిలబడింది. అచ్చాయమ్మ లేచింది.

"నా నోటికి బుద్ధి లేక అన్నాను. చెడింది కవరు. ఈ పిల్ల చెయ్యి కాదు. నువ్వూ చెప్పు హరిబాబూ."

"తప్పు కవరుదే."

"పేరు పెట్టి చెప్పు."

"రూతు తప్పేం లేదు," అన్నాడతను నేలకేసి చూస్తూ.

రూతు మొహం మెత్తబడలేదు. అందరికీ వినబడేలా అడిగింది. "ఇవాళ నాకు రెండో రోజండి. కవర్ల దగ్గరికి వెళ్లమంటారా, పిండి కలపమంటారా?"

మూల నుంచి ఎవరో "రామ రామ" అన్నారు. అచ్చాయమ్మ గొంతులోకి తల్లి మాట, అత్తగారి మాట, తన నోటితో తనే కోడళ్లకి చెప్పిన మాట, అన్నీ ఒక్కసారి వచ్చాయి. మింగేసింది. పిండి బేసిన్ని కాలితో కాదు, రెండు చేతులతో ముందుకు జరిపింది.

"తినడం ఇష్టం లేనివాళ్లు తినకండి," అంది మూలకేసి చూసి.

పొయ్యి వెలిగి నీళ్లు మరిగాక, రూతు చేతులు కడుక్కొచ్చి పిండి కలిపి పిసికింది. చిటికెడు నోట్లో వేసుకుంది.

"వాము తక్కువైందండి," అంది, ఇంకా కోపంగానే.

యాభై ఏళ్లలో ఆ మాట అచ్చాయమ్మతో ఎవరూ అనలేదు. ఆవిడ వాము డబ్బా అందించింది.